కోత తేదీ నుంచి వెనక్కి: కోస్తాంధ్ర వర్ష రుతువులు, వరి పంటకాల నిర్ణయం

ఉపోద్ఘాతం

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి రైతును ఎక్కువగా కుంగదీసేది నీరు చాలక ఎండిన పంట కాదు, పండిన తరువాత నీటిపాలైన పంట. నారుమడి దశలో నష్టం జరిగితే మళ్ళీ నారు పోసుకోవచ్చు. పిలకల దశలో మునిగితే నీరు తీసి, పైపాటుగా ఎరువు వేసి కొంత కోలుకోవచ్చు. గింజ గట్టిపడిన తరువాత చేను పడిపోయినా, కోసిన పనలు నీట తేలినా అప్పటికి పెట్టుబడి మొత్తం ఖర్చయి ఉంటుంది. తిరిగి ప్రయత్నించడానికి రుతువు మిగలదు. కౌలు రైతుకైతే పంట పోయినా కౌలు బాకీ మాత్రం నిలిచే ఉంటుంది.

ఈ నష్టాన్ని సాధారణంగా ప్రకృతి వైపరీత్యంగా లెక్కిస్తాం. తుపాను రాకను ఎవరూ ఆపలేరు కాబట్టి ఆ మాట కొంతవరకు నిజమే. కానీ తుపానులు ఏడాది పొడవునా సమానంగా రావు. అవి ఏ నెలల్లో ఎక్కువగా పుడతాయో, ఏ నెలలో తీరంలోని ఏ భాగాన్ని తాకడానికి ఎక్కువ అవకాశం ఉందో శతాబ్దానికి పైబడిన పరిశీలనల వల్ల తెలుస్తూనే ఉంది. ఆ కాలంలో పంట ఏ దశలో ఉండాలన్నది చాలావరకు మనిషి చేతిలోని నిర్ణయం. అందువల్ల కోస్తా ప్రాంతంలో పంటకాలాన్ని తొలకరి నుంచి ముందుకు కాక, కోత తేదీ నుంచి వెనక్కి లెక్కించడం మేలు. ఈ లెక్కకు ఆధారమైన రుతు స్వభావాన్నీ, దానిని విస్తరణ కార్యక్రమంలో వినియోగించే పద్ధతినీ ఈ వ్యాసం వివరిస్తుంది.

ఒకే తీరం, రెండు వర్ష రుతువులు

ఇచ్ఛాపురం నుంచి తడ వరకు దాదాపు వెయ్యి కిలోమీటర్ల పొడవున సాగే ఈ తీరానికి వర్షం రెండు రుతువుల్లో లభిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవన కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవన కాలం. రాష్ట్ర సగటు వార్షిక వర్షపాతం సుమారు 950 మిల్లీమీటర్లు. అందులో ఇంచుమించు మూడో వంతు ఈశాన్య రుతుపవనాల ద్వారానే వస్తుంది. దేశంలో ఈ రెండో రుతువు వల్ల చెప్పుకోదగిన ప్రయోజనం పొందే వాతావరణ విభాగాలు ఐదే. కోస్తాంధ్ర, రాయలసీమ, తమిళనాడు, కేరళ, దక్షిణ కర్ణాటక లోతట్టు ప్రాంతం ఆ జాబితాలో ఉన్నాయి.

రాష్ట్ర సగటు మాత్రం తీరంలోని తేడాలను దాచిపెడుతుంది. శ్రీకాకుళం ప్రాంతంలో వార్షిక వర్షంలో సుమారు 60 శాతం నైరుతి కాలంలో కురుస్తుంది. నెల్లూరులో ఇంచుమించు అంతే భాగం ఈశాన్య కాలంలో కురుస్తుంది. రెండు చోట్లా వార్షిక మొత్తం వెయ్యి మిల్లీమీటర్లకు పైనే ఉన్నా, పంటల క్రమం వేరుగా ఉండటానికి కారణం ఇదే. శ్రీకాకుళంలో చెరువుల కింద వరి నైరుతి వర్షంతో పెరుగుతుంది. నెల్లూరులో సోమశిల, కండలేరు జలాశయాల కింద ప్రధాన పంటకు అక్టోబరు తరువాతనే నాట్లు పడతాయి. వేసవిలో మొదలయ్యే ఎడగారు పంట అక్కడ రెండోది. మధ్యనున్న గోదావరి, కృష్ణా డెల్టాల్లో రెండు రుతువుల వర్షమూ పడుతుంది. అక్కడ సార్వా పంట ఒక రుతువులో పెరిగి, మరో రుతువులో కోతకు వస్తుంది. డెల్టా రైతు చిక్కంతా ఇక్కడే ఉంది.

నైరుతి కాలంలో వర్షం తీరు

నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ 1 నాటికి కేరళను తాకి, జూన్ మొదటి వారం చివరికి దక్షిణ కోస్తాకు, రెండో వారానికి ఉత్తర కోస్తాకు విస్తరిస్తాయి. అరేబియా సముద్రం మీదుగా వచ్చే తేమ గాలులు పశ్చిమ కనుమలను ఎక్కుతూ తమ తేమలో చాలా భాగాన్ని అక్కడే వదిలేస్తాయి. కనుమలకు తూర్పున ఉన్న మన ప్రాంతానికి ఆ గాలులు బలంగా వీచినా వర్షం తక్కువే. ఆషాఢంలో హోరుగాలి వీస్తున్నా చినుకు పడటం లేదని రైతులు అనడానికి కారణం ఇదే.

కోస్తాంధ్రకు నైరుతి కాలపు వర్షం ముఖ్యంగా రెండు మార్గాల్లో వస్తుంది. మొదటిది ఉత్తర బంగాళాఖాతంలో ఏర్పడే అల్పపీడనాలు, వాయుగుండాలు. ఇవి ఒడిశా మీదుగా పశ్చిమ వాయవ్య దిశగా సాగుతాయి కాబట్టి ఉత్తర కోస్తాకూ గోదావరి మండలానికీ ఎక్కువ మేలు చేస్తాయి, దక్షిణానికి వెళ్ళేకొద్దీ వాటి ప్రభావం తగ్గుతుంది. రెండోది స్థానికంగా సాయంత్రం, రాత్రి వేళల్లో ఉరుములతో పడే వాన. రుతుపవన ద్రోణి హిమాలయ పాదాల వైపు జరిగి మధ్య భారతంలో వానలు ఆగిన రోజుల్లో దక్షిణాదిలో ఇటువంటి వానలు కొంత పెరుగుతాయి. అవి ఒక ఊళ్ళో కురిసి పక్క ఊరిని వదిలేయవచ్చు. కనుక మండల సగటును చూసి రైతు పొలంలో తేమను అంచనా వేయడం సరికాదు.

జూలై, ఆగస్టు నెలల్లో సముద్రం వెచ్చగానే ఉన్నా తీవ్ర తుపానులు అరుదుగా ఏర్పడతాయి. ఆ కాలంలో కింది పొరల్లో బలమైన పశ్చిమ గాలులు, పై పొరల్లో బలమైన తూర్పు గాలులు వీస్తాయి. ఎత్తును బట్టి గాలి వేగమూ దిశా ఇలా మారిపోతున్నప్పుడు పైకి లేచిన మేఘ వ్యవస్థ నిట్టనిలువుగా నిలవలేదు. అందువల్ల అది వాయుగుండం స్థాయి దాటకముందే తీరం చేరి బలహీనపడుతుంది. పంటకు నీరిచ్చే ఈ వాయుగుండాలే, గాలుల పరిస్థితి మారిన తరువాత, పంటను పోగొట్టే తుపానులుగా ఎదుగుతాయి.

అక్టోబరు మలుపు

అక్టోబరు మధ్య నాటికి నైరుతి గాలులు కోస్తాంధ్ర నుంచి వైదొలగుతాయి. అక్టోబరు 20 ప్రాంతంలో ఈశాన్య గాలులు స్థిరపడతాయి. ఈ సంధికాలంలో మూడు అంశాలు ఒక్కచోట కలుస్తాయి. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత తుపాను ఏర్పడటానికి కావలసిన 26.5 డిగ్రీల సెల్సియస్ కన్నా ఎక్కువగా ఉంటుంది. కింది, పై పొరల గాలుల మధ్య తేడా తగ్గుతుంది. అల్పపీడన ద్రోణి భూభాగాన్ని వదిలి సముద్రం మీదకు దిగి వస్తుంది. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల ప్రధాన రుతువు. ఏప్రిల్, మే నెలల్లో మరో చిన్న రుతువు ఉంది.

గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరినప్పుడు వాయుగుండాన్ని తుపానుగా వ్యవహరిస్తారు. అయితే ఈ వర్గీకరణ గాలిని బట్టి చేసినది, వర్షాన్ని బట్టి కాదు. తుపాను స్థాయికి చేరని వాయుగుండం నెమ్మదిగా కదిలితే రెండు మూడు రోజులు ఎడతెరిపి లేని జడివాన కురిపించి, వేగంగా దాటిపోయిన తుపాను కన్నా ఎక్కువ వరిని ముంచగలదు. హెచ్చరికలో 'తుపాను' అనే మాట లేదని రైతు నిశ్చింతగా ఉండకూడదన్న విషయం విస్తరణ సిబ్బంది స్పష్టంగా చెప్పాలి.

తుపాను తాకే చోటు కూడా నెలతోపాటు మారుతుంది. సూర్యుడు దక్షిణానికి జరిగేకొద్దీ సముద్రం మీది అల్పపీడన ద్రోణి కూడా దక్షిణానికి జరుగుతుంది. అందుచేత అక్టోబరులో ఏర్పడే తుపానులు ఉత్తర కోస్తా, ఒడిశా వైపు, నవంబరులో మధ్య, దక్షిణ కోస్తా వైపు, డిసెంబరులో మరింత దక్షిణంగా తమిళనాడు వైపు వెళ్ళడానికి అవకాశం ఎక్కువ. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చిన తిత్లీ మొదటి కోవకు చెందినవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమను ధ్వంసం చేసిన తుపాను, 2013 నవంబరు 22న మచిలీపట్నానికి దక్షిణంగా తీరం దాటిన హెలెన్ రెండో కోవకు చెందినవి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ మొదట తమిళనాడు తీరాన్ని ముంచి, తరువాత ఉత్తరంగా కదిలి వచ్చింది.

ఇది అవకాశాల లెక్క మాత్రమే, హామీ కాదు. 2018 డిసెంబరు 17న పెథాయ్ గోదావరి ముఖద్వారం వద్ద తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా నరసాపురం సమీపంలో దాటింది. ఈ రెండూ సాధారణ క్రమం కన్నా కొంత అటూ ఇటూగా వచ్చినవే. అందుకే పంటకాలాన్ని ఒక తేదీకి కాక, కొన్ని వారాల వ్యవధికి సరిచూసుకోవాలి.

పంట దశను బట్టి నష్టం

ఒకే వాన పంట దశను బట్టి వేర్వేరు నష్టాలు కలిగిస్తుంది. పూత దశలో వరి పువ్వులు ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం వరకు విచ్చుకుంటాయి. ఆ వేళల్లో ఎడతెరిపి లేని వాన కురిస్తే పుప్పొడి కొట్టుకుపోయి తాలు గింజలు పెరుగుతాయి. పాలు పోసుకునే దశలో చేను పడిపోతే గింజకు పిండిపదార్థం సరిగా చేరక బరువు తగ్గుతుంది. గాలివాన వల్ల ఆకులు ఒరుసుకుని గాయపడినప్పుడు బాక్టీరియా ఎండాకు తెగులు వేగంగా వ్యాపిస్తుంది. గట్టిపడిన గింజ తడిస్తే రంగు మారుతుంది. నిద్రావస్థ లేని రకాల్లో కంకి మీదనే మొలకలు వస్తాయి.

కోసిన పనలు తడిస్తే కష్టం మరింత ఎక్కువ. లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన ఐదు శాతం ద్రావణాన్ని పడిపోయిన చేను కంకుల మీదా, తడిసిన పనల మీదా చల్లి మొలక రాకుండా ఆపవచ్చు. అయితే ఇది నష్టాన్ని తగ్గించే చర్య మాత్రమే. రంగు మారిన ధాన్యానికి మంచి ధర రాదు. ధాన్యం సేకరణలో తేమ 17 శాతం మించకూడదన్న నిబంధన కూడా ఉంది. ఎండ లేని వారంలో ఆ స్థాయికి ఆరబెట్టడం చిన్న రైతుకు సాధ్యం కాదు. తడి నేలలో చక్రాల కోత యంత్రం దిగబడుతుంది కనుక ఎక్కువ అద్దె చెల్లించి గొలుసు యంత్రాన్ని తెప్పించాలి. ఈ విధంగా ఒక్క వాన దిగుబడిని తగ్గించి, ధరను తగ్గించి, ఖర్చును పెంచుతుంది.

పాత రకాలకు ఉన్న క్యాలెండరు

పూర్వం సార్వాలో సాగుచేసిన పొడవు రకాలు చాలావరకు పగటి కాలానికి స్పందించేవి. పగలు తగ్గి రాత్రి పెరిగిన తరువాతనే అవి పూతకు వచ్చేవి. నారు జూన్‌లో పోసినా జూలైలో పోసినా పూత తేదీ పెద్దగా మారేది కాదు. ఏ ప్రాంతానికి తగిన రకం ఆ ప్రాంతంలో వానలు తగ్గే సమయానికి కోతకు వచ్చేలా తరతరాల ఎంపికలో స్థిరపడింది. కోత తేదీ ఒక విధంగా విత్తనంలోనే రాసి ఉండేది.

1982లో విడుదలైన స్వర్ణ (ఎం.టి.యు. 7029), 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) వంటి పొట్టి రకాలు దిగుబడిని ఎంతో పెంచాయి. వీటిలో పగటి కాలానికి స్పందన చాలా తక్కువ. కోత తేదీ ఇప్పుడు దాదాపుగా నారు పోసిన తేదీకి రకం కాలపరిమితిని కూడిన మొత్తమే. నారు నెల ఆలస్యమైతే కోత కూడా ఇంచుమించు నెల ఆలస్యమవుతుంది. విత్తనంలో ఉన్న క్యాలెండరు రైతు చేతికీ, కాలువ నీటి విడుదల తేదీకీ మారింది. ఈ మార్పును మనం తగినంతగా గుర్తించలేదు.

వెనక్కి లెక్కించే విధానం

ఈ లెక్క కష్టమైనది కాదు. 150 రోజుల రకానికి జూన్ 15న నారు పోస్తే అక్టోబరు 13 ప్రాంతంలో పూత, నవంబరు 12 ప్రాంతంలో కోత వస్తాయి. అదే రకానికి జూలై 15న నారు పోస్తే నవంబరు 12 నాటికి పూత, డిసెంబరు 12 నాటికి కోత. కాటన్‌దొర సన్నాలు (ఎం.టి.యు. 1010) వంటి 120 రోజుల రకానికి జూలై 15న నారు పోసినా కోత నవంబరు 12 ప్రాంతంలోనే వస్తుంది. ఆలస్యమైన సంవత్సరంలో దీర్ఘకాలిక రకాన్ని మార్చుకోకపోతే జరిగే నష్టం ఈ లెక్కలోనే కనిపిస్తుంది.

త్వరగా కోయడమే ఎల్లప్పుడూ మంచిదని కూడా దీని అర్థం కాదు. 120 రోజుల రకాన్ని జూన్ 15న పోస్తే కోత అక్టోబరు మధ్యలో పడుతుంది. కాకినాడ, మచిలీపట్నం ప్రాంతాల్లో ఏడాదిలో అధిక వర్షం కురిసే నెలల్లో అక్టోబరు ఒకటి. కాబట్టి ప్రతి మండలానికీ స్థానిక వర్షపాత రికార్డు ఆధారంగా పొడి వారాలను గుర్తించాలి. దీనికి కనీసం 30 ఏళ్ళ దినసరి వర్షపాత వివరాలు తీసుకుని, ప్రామాణిక వాతావరణ వారాలుగా విభజించాలి. ప్రతి వారానికీ ఎన్ని సంవత్సరాల్లో వర్షం పది మిల్లీమీటర్ల లోపు ఉందో లెక్కించాలి. ఐదు సంవత్సరాల్లో నాలుగింటిలో పొడిగా ఉన్న వారాలను కోతకు అనువైనవిగా తీసుకోవచ్చు. వరుసగా రెండు పొడి వారాలు దొరికితే కోత, ఆరబెట్టడం, నూర్పిడి మూడూ ముగుస్తాయి. అక్కడి నుంచి రకం కాలపరిమితిని తీసివేస్తే నారు పోయవలసిన వారం తెలుస్తుంది. స్నాతకోత్తర విద్యార్థులు తమ క్షేత్ర శిక్షణలో ఒక్కొక్క మండలానికి ఈ పట్టికను తయారుచేస్తే అది ఆ మండలంలో చాలా కాలం ఉపయోగపడుతుంది.

ఊరంతా ఒకే వారంలో కోతకు రావాలా అన్న ప్రశ్న కూడా ఇక్కడ వస్తుంది. దోమపోటు, కాండం తొలిచే పురుగు నివారణకూ, కోత యంత్రాల వాడకానికీ ఒకేసారి నాట్లు వేయడం మంచిది. కానీ మండలంలోని చేలన్నీ ఒకే దశలో ఉన్నప్పుడు తుపాను తాకితే మొత్తం పోతుంది. ఒక మురుగు కాలువ పరిధిలో ఒకే కాలపరిమితి రకాలు వేసి, పక్క పరిధిలో రెండు వారాలు తేడా గల రకాలు వేయడం ఈ రెండు అవసరాలకూ మధ్యేమార్గం.

నీటి విడుదల, మురుగు పారుదల

రైతులు ఆలస్యంగా నాటడానికి అలసత్వం కారణం కాదు. కృష్ణా డెల్టా చాలా కాలం ఎగువ జలాశయాలు నిండే వరకు వేచి చూడవలసి వచ్చింది. ఆ నదికి వరద సాధారణంగా జూలై చివర, ఆగస్టులో మొదలవుతుంది. ఎగువ రాష్ట్రాల్లో ఆలస్యమైతే డెల్టాలో నాట్లు ఆగస్టు దాటేవి. గోదావరి వరద ముందుగా వస్తుంది. ఆ నీటిని పోలవరం కుడి కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే పట్టిసీమ ఎత్తిపోతల పథకం 2015లో ప్రారంభమైంది. ఏడాదికి 80 టి.ఎం.సి.ల నీటిని మళ్ళించడం దాని లక్ష్యం. దీనిని సాధారణంగా నీటి పరిమాణం దృష్టితో చర్చిస్తారు. వాతావరణ శాస్త్ర దృష్టితో చూస్తే దాని ప్రధాన విలువ పరిమాణంలో కాక సమయంలో ఉంది. జూన్ చివర అందే నీరు ఆగస్టులో అందే అంతే నీటి కన్నా ఎంతో విలువైనది, ఎందుకంటే అది కోతను నవంబరు చివర, డిసెంబరు నుంచి ముందుకు జరుపుతుంది.

రెండో కారణం మురుగు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టాలకు కాలువ వ్యవస్థ ఏర్పడింది. కాలువలకు ఇచ్చిన శ్రద్ధ మురుగు కాలువలకు దక్కలేదు. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న భూముల నుంచి నీరు బయటికి పోవాలంటే మురుగు కాలువ ముఖద్వారంలో పోటు తగ్గాలి, పూడిక ఉండకూడదు, గుర్రపుడెక్క అడ్డు రాకూడదు. పల్లపు భూముల్లో జూలై వానలకు లేత నారు మునిగిపోతుందని తెలిసిన రైతు నాట్లను వాయిదా వేస్తాడు. ఆ వాయిదాతో కోత తుపాను కాలంలో పడుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు సమస్య కూడా చర్చకు వచ్చింది. మే నెలలో చేపట్టే మురుగు కాలువ పూడికతీత నవంబరు నెల పంటకు ఇచ్చే రక్షణ అని రైతు సంఘాల సమావేశాల్లో చెప్పడం అవసరం.

సార్వా ఆలస్యం తరువాతి పంటలనూ వెంటాడుతుంది. కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందు చేలో చల్లే మినుము, పెసర పైర్లు నేలలో మిగిలిన తేమ మీదనే పెరుగుతాయి. కోత డిసెంబరు చివరకు జరిగితే ఆ పైర్లు పూత, కాయ దశల్లో ఎండకు గురవుతాయి. గోదావరి డెల్టాలో సార్వా ఆలస్యమైతే దాళ్వా కూడా ఆలస్యమై, కోత ఏప్రిల్ చివర, మే నెలల్లోకి జరుగుతుంది. అది తుపానుల చిన్న రుతువు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం వద్దా, 2010 మే 20న లైలా పేరుతో బాపట్ల సమీపంలోనూ తుపానులు తీరం దాటాయి. దాళ్వా ఆలస్యమైతే వేసవి దుక్కికి వ్యవధి ఉండదు, కాలువ మరమ్మతులకు వ్యవధి ఉండదు, తరువాతి సార్వా మళ్ళీ ఆలస్యమవుతుంది. ఈ గొలుసును ఒక చోట తెంచితే తప్ప ఏటా ఇదే నష్టం పునరావృతమవుతుంది.

వేసవి తీవ్రత

ఈ చర్చలో వేసవిని విస్మరించకూడదు. పగలు భూమి సముద్రం కన్నా త్వరగా వేడెక్కడం వల్ల మధ్యాహ్నం సముద్రపు గాలి వీచి తీర ప్రాంతాన్ని చల్లబరుస్తుంది. మే నెలలో లోపలి నుంచి వచ్చే పొడి పశ్చిమ గాలులు బలంగా ఉంటే ఆ గాలి తీరం దాటి లోపలికి రాలేదు. అప్పుడు తీర పట్టణాల్లో కూడా ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. 2003, 2015 మే నెలల్లో రాష్ట్రంలో వడగాడ్పులకు వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. జూన్ మొదటి వారంలో నారు పోయమని సలహా ఇచ్చేటప్పుడు ఈ వేడిని గుర్తుంచుకోవాలి. నారుమడికి సాయంత్రం నీరు పెట్టి మర్నాడు వేడెక్కిన నీటిని తీసివేయడం, కూలీల పనిని ఉదయం పూటకు పరిమితం చేయడం తప్పనిసరి. దమ్ము చేసిన మడిలో డ్రమ్ సీడరుతో మొలక కట్టిన విత్తనం నేరుగా వేస్తే నారుమడి అవసరం తప్పడమే కాక పంటకాలం వారం నుంచి పది రోజులు తగ్గుతుంది.

కార్తెలు, ప్రామాణిక వారాలు

రైతు తన పనులను కార్తెల్లో లెక్కిస్తాడు. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్ర భాగంలో ఉండే సుమారు పదమూడున్నర రోజుల కాలం. 27 కార్తెలు కలిస్తే సౌర సంవత్సరం. అందువల్ల ఇది తిథుల లాగా ఏటా మారదు. ఒక్కొక్క కార్తె దాదాపు రెండు ప్రామాణిక వారాలతో సమానం. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో, చిత్త అక్టోబరు 10 ప్రాంతంలో, స్వాతి అక్టోబరు 24 ప్రాంతంలో, విశాఖ నవంబరు 6 ప్రాంతంలో మొదలవుతాయి. శాస్త్రవేత్త తయారుచేసిన వారాల పట్టికను కార్తెల్లోకి మార్చి చెప్పడం సులభం. 46వ ప్రామాణిక వారమంటే రైతుకు ఏమీ తోచదు. విశాఖ కార్తెలో కోత ముగియాలంటే వెంటనే అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. కార్తెలు నక్షత్రాలను అనుసరిస్తాయి, రుతువులు విషువత్తులను అనుసరిస్తాయి. ఈ రెండింటి మధ్య సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు తేడా పెరుగుతుంది. వెయ్యేళ్ళలో ఆ తేడా ఒక కార్తెకు సమానమవుతుంది. అందుచేత కార్తెను కాలగణనకు వాడవచ్చు కాని, దానిని గురించిన సామెతలను వర్ష సూచనగా వాడేటప్పుడు స్థానిక రికార్డుతో సరిచూడాలి.

ఎల్‌నినో, ముందస్తు సూచనలు

పసిఫిక్ మహాసముద్రంలో ఎల్‌నినో ఏర్పడిన సంవత్సరాల్లో నైరుతి వర్షాలు బలహీనపడే అవకాశం ఎక్కువ. అవే సంవత్సరాల్లో ఈశాన్య వర్షాలు దక్షిణ కోస్తాలో సాధారణం కన్నా ఎక్కువగా ఉండే ధోరణి కనిపిస్తుంది. 2015లో దేశవ్యాప్తంగా నైరుతి వర్షాలు లోటుగా ఉండగా, నవంబరులో నెల్లూరు జిల్లాను వరదలు ముంచెత్తాయి. కనుక ఎల్‌నినో సూచన వచ్చినప్పుడు కోస్తా రైతుకు కరువు జాగ్రత్త ఒక్కటే చెప్పడం చాలదు. ఆరంభంలో నీటి కొరతకూ, చివరిలో అధిక వర్షానికీ రెండింటికీ సిద్ధం చేయాలి. నారు ఆలస్యమయ్యే అటువంటి సంవత్సరంలో స్వల్పకాలిక రకాల విత్తనం సిద్ధంగా ఉంచుకోవడం రెండు విధాలా రక్షణ.

రుతువు ఆరంభంలో వచ్చే సూచన రకం ఎంపికకు, రెండు నుంచి నాలుగు వారాల సూచన నీటి యాజమాన్యానికి, ఐదు రోజుల సూచన కోతకు పనికివస్తాయి. గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద ప్రతి మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలను కోత కాలంలో గ్రామాల్లో ప్రదర్శించాలి. సలహాలో వర్షం వస్తుందని చెప్పడంతో ఆగకుండా, ఏ దశలోని చేనుకు ఏం చేయాలో చెప్పాలి. కోతకు సిద్ధమైన చేను కోయాలా, నిలిపి ఉంచాలా అన్నది రైతు అడిగే మొదటి ప్రశ్న. మూడు రోజుల్లో కోసి, నూర్చి, ధాన్యాన్ని సురక్షిత స్థలానికి చేర్చగలిగితేనే కోయాలి. లేదంటే మురుగు బోదెలు తీసి చేనును నిలిపి ఉంచడమే మేలు. కోసి పొలంలో వదిలిన పన కన్నా నిలిచి ఉన్న చేను వానను ఎక్కువగా తట్టుకుంటుంది.

ముగింపు

వెచ్చబడిన గాలి ప్రతి డిగ్రీకి సుమారు ఏడు శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. కాబట్టి రాబోయే దశాబ్దాల్లో భారీ వర్షాల తీవ్రత పెరుగుతుందని భావించి ప్రణాళిక వేసుకోవడం వివేకం. సముద్ర మట్టం పెరిగితే మురుగు కాలువల ముఖద్వారాల్లో నీరు పోవడం ఇంకా నెమ్మదిస్తుంది. ఈ మార్పులను రైతు ఒంటరిగా ఎదుర్కోలేడు.

కోస్తా వరి పంటకాలాన్ని నిర్ణయించేది నాలుగు వర్గాలు. రకాన్ని రూపొందించే పరిశోధన స్థానం, కాలువకు నీరు వదిలే నీటిపారుదల శాఖ, విత్తనం సరఫరా చేసే సంస్థ, నాటే రైతు. ఈ నలుగురూ తమ తమ తేదీలను వేర్వేరుగా నిర్ణయించుకుంటే కోత తేదీని తుపాను నిర్ణయిస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ఒకచోట కూర్చుని, మండల వర్షపాత పట్టికలో పొడి వారాలను ముందుగా గుర్తించి, అక్కడి నుంచి వెనక్కి లెక్కించి నారు తేదీ, నీటి విడుదల తేదీ, పూడికతీత గడువు ఖరారు చేసుకోవాలి. ఆ సమావేశానికి పట్టికను సిద్ధం చేసి తీసుకువెళ్ళవలసింది విస్తరణ శాస్త్రవేత్తే.